కోతకీ కోతకీ మధ్య: మన రాత ఎక్కడ ఆగిపోతోంది?

సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఏప్రిల్ దాకా మా వీధిలో తెల్లవారుజామున నాలుగున్నరకే ఆటోలు వచ్చి ఆగుతాయి. మాది తాడేపల్లిలో కృష్ణా కెనాల్ రైల్వే స్టేషన్‌కి కొంచెం ఇవతల. చేతిలో అన్నం క్యారేజీ, నెత్తికి తువ్వాలు, చీర మీద మగవాళ్ళ పాత చొక్కా. ఒక్కో ఆటోలో పదిమందికి పైగా ఆడవాళ్ళు ఇరుక్కుని తాడికొండ, అమరావతి, పెదకూరపాడు వైపు మిరప కోతలకి పోతారు. మా అమ్మ పాతికేళ్ళు అట్లాగే పోయింది. రెండేళ్ళ కిందట మోకాళ్ళు పట్టేశాక మానేసింది.

అమ్మ పాటలు కట్టేది. ఈ చిన్న వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చిన్నప్పుడు అది పాట కట్టడం అని నాకు తెలీదు. సాలు పట్టుకుని కాయ కోస్తూ ఏదో అనుకుంటోందిలే అనుకునేదాన్ని. కూలి ఎగ్గొట్టిన మేస్త్రి మీద ఒకటి. కల్లంలో తాలు కాయలు ఏరేటప్పుడు ఒకటి. చేతుల మంటకి రాత్రి పిల్లని ఎత్తుకోలేకపోయిన తల్లి మీద ఒకటి. ఆ తల్లి ఆమే, ఆ పిల్ల నేనే. మొత్తం ఎన్ని కట్టిందో లెక్క లేదు. ఒక్కటీ కాగితం మీద లేదు. నేను పీహెచ్‌డీ చేస్తున్నదే పొలం పాటల మీద. మూడేళ్ళు పల్నాడు ఊళ్ళు తిరిగి వేరేవాళ్ళ అమ్మల పాటలు రికార్డు చేశాక గానీ మా ఇంట్లో ఫోను ఆన్ చేయాలని నాకు తట్టలేదు.

యూనివర్సిటీలో, హాస్టళ్ళలో జూనియర్లు కనపడినప్పుడు తరచూ ఒక మాట వింటాను. "అక్కా, నేను ఇదివరకు రాసేదాన్ని. ఇప్పుడు రాయట్లేదు." పాటలు పాడేవాళ్ళూ, డప్పు కొట్టేవాళ్ళూ, బొమ్మలేసేవాళ్ళూ ఇదే అంటారు. ఎందుకు ఆగిందని అడిగితే ముందు అందరూ చెప్పేది ఒకటే: నాలో సరుకు అయిపోయింది. కొంచెంసేపు కూర్చోబెట్టి మాట్లాడిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. ఒకరికి ఫెలోషిప్ ఆరు నెలలు రాలేదు. ఒకరి నాన్నకి జబ్బు చేసింది. ఒకమ్మాయికి పెళ్ళయింది. ఒకతను రాసింది వినిపించుకునే స్నేహితుడు బెంగుళూరు వెళ్ళిపోయాడు. సరుకు అయిపోయినవాళ్ళు నాకింతవరకూ ఒక్కరూ తగల్లేదు. ఒక ఖాళీ వచ్చింది, అందులో రాత పడిపోయింది, తీసేవాళ్ళు లేరు. అంతే జరిగింది. ఆ ఖాళీలు ఎక్కడెక్కడ వస్తాయో ముందే తెలిస్తే కొన్నింటినైనా దాటొచ్చని నా నమ్మకం.

సృజన గురించి సలహాలిచ్చే పుస్తకాలు బోలెడు ఉన్నాయి. పొద్దున్నే లేచి మూడు పేజీలు రాయండి, మనసుకి నచ్చిన పని కోసం ఉద్యోగం వదిలేయండి అంటాయి. అవి రాసినవాళ్ళ ఇంట్లో పొద్దున్నే నీళ్ళ ట్యాంకర్ దగ్గర బిందె పెట్టేదెవరో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. వర్జీనియా వుల్ఫ్ 1929లోనే నిజాయితీగా లెక్క చెప్పింది: ఆడమనిషి రాయాలంటే ఏడాదికి ఐదు వందల పౌండ్లు, తలుపు గడియ పెట్టుకోడానికి ఒక గది కావాలని. ఆ లెక్కలో మన పల్లె ఇల్లు పట్టదు. మాకున్నదే ఒక గది. దానికి గడియ పెడితే మిగతా నలుగురూ బయట నిలబడాలి.

జాషువా జీతాలు

డబ్బు సంగతి ముందు మాట్లాడుకుందాం. మనలో చాలామందికి డబ్బు గురించి మాట్లాడితే కళ తక్కువైపోతుందని ఒక భయం. అది మనకి అంటగట్టిన భయం. పొలాలూ అగ్రహారాలూ ఉన్నవాళ్ళకి కవిత్వం పక్కన కూలి మాట ఎత్తాల్సిన అవసరం రాలేదు.

మన జిల్లా మహాకవి ఎట్లా బతికాడో చూడండి. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. బతుకుతెరువు కోసం ఆయన చేసిన పనులు వరసగా రాస్తే ఒక పేజీ అవుతుంది. చిన్న జీతానికి బడిపంతులు. అది పోయాక రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చెప్పే పని. తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు. ఆపైన తెలుగు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడు. 1957 నుంచి 59 దాకా మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. కుల అవమానాలు సరేసరి, అవి ఎక్కడికెళ్ళినా వెంటే ఉన్నాయి.

ఇందులో నాకు ముఖ్యంగా కనపడే సంగతి ఒకటుంది. ఆయన గుంటూరులో తెలుగు పండితుడిగా ఉన్నది 1928 నుంచి 1942 దాకా. 'ఫిరదౌసి' 1932లో వచ్చింది, 'గబ్బిలం' 1941లో వచ్చింది. నెలనెలా జీతం చేతికొచ్చిన ఆ పద్నాలుగేళ్ళలోనే మనం ఇవాళ్టికీ తలుచుకునే రెండు కావ్యాలు పుట్టాయి. ఇదేదో కాకతాళీయం అని నేననుకోను. ఇంకో సంగతి, ఫిరదౌసి కథే కవికి కూలి ఎగ్గొట్టిన కథ. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని సుల్తాను మాటిస్తాడు. కవి ముప్పై ఏళ్ళు రాస్తాడు. చివరికి పంపింది వెండి. ఎక్కడో పర్షియా కవి గురించిన ఈ గాథని వినుకొండ మాదిగవాడ నుంచి వచ్చిన కవి ఎందుకు ఎత్తుకున్నాడో మనకి ఒకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. పద్మభూషణ్, సాహిత్య అకాడమీ అవార్డు రెండూ ఆయనకి 1964లో వచ్చాయి. అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు.

వేజెండ్లలో 1939లో పుట్టిన కొలకలూరి ఇనాక్ అధ్యాపకుడిగా మొదలుపెట్టి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ దాకా ఉద్యోగం చేస్తూనే కథలు, నవలలు, విమర్శ రాస్తూ పోయారు. ఆయనకి సాహిత్య అకాడమీ అవార్డు 2018లో వచ్చింది. బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్ టాక్సీ నడిపాడు, 1972లో 'గోల్‌పిఠా' తెచ్చాడు. కలకత్తాలో మనోరంజన్ బ్యాపారి రిక్షా తొక్కేవాడు. ఒకరోజు రిక్షా ఎక్కిన ఒక పెద్దావిడని 'జిజీబిష' అనే మాటకి అర్థం అడిగాడు. ఆవిడ మహాశ్వేతాదేవి. బతకాలనే కోరిక అని అర్థం చెప్పి, తన పత్రికకి రాయమంది. ఆ తర్వాత కూడా ఆయన పుస్తకాలు అచ్చయినా ఏళ్ళ తరబడి ఒక బడిలో వంట చేస్తూనే బతికాడు.

కాబట్టి పొట్టకోసం వేరే పని చేస్తూ రాస్తున్నామని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. కాకపోతే పనిని ఎంచుకునే వీలుంటే (చాలామందికి ఉండదు, తెలుసు) ఒక సంగతి చూసుకోండి. మీ రాతకి కావాల్సిన శక్తినే ఆ పని పీల్చేస్తుందా? నేను విజయవాడలో ఒకచోట రోజంతా ప్రకటనలకి మాటలు రాసే పని చేశాను. సాయంత్రానికి తెలుగు అక్షరం చూస్తే వికారంగా ఉండేది. దానికంటే తక్కువ డబ్బుకి ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన ఏడాదిలో ఎక్కువ రాశాను. ట్యూషన్లు, డీటీపీ, లెక్కలు చూసే పని లాంటివాటిలో ఒళ్ళు అలుస్తుంది గానీ వాక్యం మిగిలి ఉంటుంది. ఇది నా అనుభవం. మీది వేరే కావచ్చు.

ఉచిత సేవ గురించి కూడా చెప్పాలి. ఒక పత్రిక నాతో ఎనిమిది వ్యాసాలు రాయించుకుంది. పారితోషికం అడిగితే "ఉద్యమం కోసం కదమ్మా" అన్నారు. ఉద్యమం కోసం అయితే నేనే ముందుంటాను. కానీ ఆ పత్రిక అచ్చేసినతను, కాగితం అమ్మినతను, బస్సులో పార్శిల్ వేసినతను ఉద్యమం కోసం చేయలేదు, డబ్బు తీసుకున్నారు. రాసిన పిల్ల ఒక్కతే ఉద్యమం. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే మూడు ప్రశ్నలు అడుగుతాను: ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, హక్కులు ఎవరివి? ఏమీ ఇవ్వలేమంటే, మనవాళ్ళే అయితే, ఆనందంగా ఉచితంగా రాస్తాను. పాడటానికి పిలిచినవాళ్ళని కనీసం బస్సు ఛార్జీ, రాత్రి పడుకునే చోటు అడగండి. అడగడం నేర్చుకోడానికి నాకు ముప్పై ఏళ్ళొచ్చాయి, మీకు అంత ఆలస్యం కావద్దు.

ఫెలోషిప్ రాని నెలలు

పరిశోధన విద్యార్థులకి పెద్ద ఖాళీ ఇక్కడే. ఎస్సీ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ 2005-06లో మొదలైంది. ఇప్పుడు ఎస్సీ జాతీయ ఫెలోషిప్ అంటున్నారు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. మన ఇళ్ళలో ఇది ఒక మనిషి చదువు డబ్బు కాదు, ఒక ఇంటి ఆదాయం. తమ్ముడి ఫీజు, నాన్న మందులు, చెల్లి పెళ్ళి అప్పు అన్నీ దాని మీదే నడుస్తాయి. యూనివర్సిటీ నుంచి కొనసాగింపు ధ్రువీకరణ పోతే తప్ప అది రాదు. ఎక్కడో ఒక సంతకం ఆగుతుంది, నాలుగు నెలలు పోతాయి.

గుంటూరు బిడ్డ రోహిత్ వేములని ఇక్కడ తలుచుకోకుండా ఎట్లా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ విద్యార్థి, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నాయకుడు. కార్ల్ సాగన్ లాగా సైన్సు రచయిత కావాలన్నది ఆయన కోరిక. 2016 జనవరి 17న ఆయన మనకి దూరమైనప్పుడు రావాల్సిన ఫెలోషిప్ ఏడు నెలలది, 1,75,000 రూపాయలు. చివరి ఉత్తరంలో కూడా ఆ లెక్క ఉంది. దేశమంతా ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి మాట్లాడుకుంది. నాకు మాత్రం ఆ అంకె దగ్గర కన్ను ఆగిపోతుంది. తెలుగు నేల నుంచి ఒక సైన్సు రచయిత రావాల్సిన చోట, వెలివేతతో పాటు ఒక బకాయి కూడా ఉంది. ఫేస్‌బుక్‌లో ఆయన రాసినవి తర్వాత నిఖిలా హెన్రీ ఇంగ్లీషులో పుస్తకంగా కూర్చారు. అదొక్కటే మనకి మిగిలిన రచన.

అందుకే ఫెలోషిప్ కాగితాలని నేను రచనలో భాగం అంటాను. ప్రతి దరఖాస్తు నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయమంటే నసిగినా నిలబడి వేయించుకోండి. నోటి మాటగా "పంపించాంలే" అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, ఏ తేదీన, ఏ నంబరుతో పంపారో రాసుకోండి. ఆగిపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, కేంద్ర సంస్థలకి ఫీజు పది రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. జాతీయ ఎస్సీ కమిషన్‌కి రాయొచ్చు. ఒక్కరే రాయడం కంటే నలుగురైదుగురు స్కాలర్లు కలిసి రాస్తే, ఎవరినీ ఒంటరిగా గురిపెట్టడానికి కుదరదు.

ఇంకో పని మేం చేశాం. ఐదుగురం అమ్మాయిలం కలిసి నెలకి వెయ్యి చొప్పున చీటీ మొదలుపెట్టాం. పాట లేదు, కమీషన్ లేదు. ఎవరికి ఫెలోషిప్ ఆగితే ఆ నెల వాళ్ళది. (మా బృందంలో ఇద్దరు గాయనులు. డబ్బొచ్చే పాట మాకు చీటీ పాటే అనేవాళ్ళు, దాన్నీ తీసేశారని ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు.) ఐదు వేలతో ఏమవుతుందని అడగొచ్చు. మెస్ బిల్లు కట్టవచ్చు. మెస్ బిల్లు కట్టినవాళ్ళు హాస్టల్లో తలెత్తుకుని కూర్చుంటారు, కూర్చున్నవాళ్ళు రాస్తారు.

ఏరుకునే కాలం, రాసే కాలం

రోజూ రాయాలనే నియమం నాకెప్పుడూ పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో తెలుసుకోడానికి మా ఇంటి క్యాలెండర్ చూడాల్సొచ్చింది. ఈ నేల మీద ఏడాది జనవరిలో మొదలవదు. అక్టోబరు నుంచి పత్తి తీత. అది సన్నగిల్లేలోపు మిరప కోత. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత, కల్లం, తొడిమలు తీయడం, గుంటూరు యార్డుకి బస్తాలు. మే నెలలో ఎండలకి యార్డుకి సెలవులిస్తారు. జూన్, జూలై కొంచెం తెరిపి. మళ్ళీ ఆగస్టు నుంచి మిరప నాట్లు. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చిన డిగ్రీ పిల్లలు కోతకి పోకుండా ఉండే ఇళ్ళు మన పల్లెల్లో తక్కువ. ఇక పరీక్షలు ఏప్రిల్లో.

ఇట్లాంటి ఏడాదిలో ప్రతిరోజూ వెయ్యి మాటలు రాయాలనుకుంటే డిసెంబరుకల్లా ఓడిపోతాం. ఓడిపోయామని మనల్ని మనమే తిట్టుకుని మానేస్తాం. నేను ఏడాదిని రెండు ముక్కలు చేసుకున్నాను. కోతల కాలంలో రాయను, ఏరుకుంటాను. విన్న మాట, చూసిన మనిషి, మేస్త్రి తిట్టిన తిట్టు, ఏదైనా ఫోన్లో అర నిమిషం చెప్పుకుని రికార్డు చేస్తాను. మే మధ్య నుంచి జూలై దాకా అవన్నీ ముందేసుకుని కూర్చుని రాస్తాను. రెండున్నర నెలలే. కానీ ఆ రెండున్నర నెలలకి ముడిసరుకు బస్తా నిండా ఉంటుంది. మీ ఇంటి క్యాలెండర్ వేరే ఉండొచ్చు. మంగళగిరి మగ్గం ఇళ్ళకి ఒకటి, మున్సిపాలిటీలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల ఇళ్ళకి ఒకటి. ముందు అది రాసుకోండి, తర్వాత మీ రాత ఎక్కడ పడుతుందో చూడండి.

ఫోను మాటని అక్షరాల్లోకి మార్చే సౌకర్యం వాడుతున్నవాళ్ళు జాగ్రత్త. అది మన యాసకి తయారైంది కాదు. నేను 'మిరప కల్లం' అంటే 'మిరప కలం' అని రాసింది. బాగానే ఉంది అనుకోండి, కానీ థీసిస్‌లో పనికిరాదు. గొంతు గొంతుగానే దాచుకోండి.

చోటు దొరకడం ఇంకా కష్టం. ఒంటిగది ఇంట్లో రాత్రి పది దాకా టీవీ, ఆ తర్వాత లైటు వేస్తే పొద్దున్నే ఆటో ఎక్కాల్సినవాళ్ళకి నిద్ర చెడుతుంది. గ్రంథాలయాలని మనం మర్చిపోయాం. బ్యారేజీ దాటితే విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఉంది. చీరాల వైపువాళ్ళకి వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికల కోసమైనా ఒకసారి వెళ్ళి తీరాలి. పాత సంచికలు తిరగేస్తే మనవాళ్ళ పేర్లు ఎన్ని చోట్ల ఉండాల్సి లేవో కూడా తెలుస్తుంది.

వినేవాళ్ళు

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఊరు వదిలిన జనం చీరాలలో శిబిరం పెట్టుకున్నారు. ఆ శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టింది, దాని చుట్టూ పాటలూ పుట్టాయి. 1991 ఆగస్టు 6న చుండూరు. మళ్ళీ శిబిరం, మళ్ళీ పాట, మళ్ళీ కవిత. 1995లో విజయవాడ నుంచి 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చేసరికి ఆ గొంతులన్నీ ఒకచోట చేరాయి. ఆ తరం గురించి మనం ఎంతసేపూ ఆగ్రహం అంటాం. నాకు వాళ్ళలో కనిపించే ఇంకో గుణం, ఒకరిది ఒకరు వినడం. రాసిన రాత్రే టీ బంకు దగ్గర చదివి వినిపించడానికి ఇద్దరు మనుషులున్నారు. అంబేడ్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టడానికి కొల్హాపూర్ షాహు మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు ఎంత ముఖ్యమో, చదివి వినిపించుకునే ఆ జనం కూడా అంతే ముఖ్యం.

మీకు కావాల్సింది వెయ్యిమంది ఫాలోయర్లు కాదు. ఇద్దరు చాలు. ఒకరు మిమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు, ఒకరు "ఇది నిరుడు రాసిందే మళ్ళీ రాశావు" అని మొహాన చెప్పేవాళ్ళు. నెలకొకసారి కలవండి, ఏమీ రాయకపోయినా కలవండి. ఏమీ రాయని నెలలో కలవడమే ఎక్కువ అవసరం.

ఇక్కడ మన మగ మిత్రులతో ఒక తగువు ఉంది. సాహిత్య సమావేశాలు సాయంత్రం ఆరింటికి మొదలై, అసలు మాటలు రాత్రి పది తర్వాత నడుస్తాయి. ఆ టైముకి విజయవాడ నుంచి ఒక్కత్తీ బ్యారేజీ దాటి రావాలంటే ఆటో ఎక్కే ముందు ఇంటికి ఫోన్ చేసి, దిగాక మళ్ళీ చేసి, మధ్యలో నంబరు ప్లేటు ఫొటో తీసి పంపాలి. ఆడవాళ్ళు ఎందుకు రావట్లేదు అని మర్నాడు మళ్ళీ వాళ్ళే అడుగుతారు. ఆదివారం పదకొండింటికి పెట్టి చూడండి, పిల్లల్ని తీసుకురమ్మనండి. గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చింది 2003లో. దళిత స్త్రీలు 1921 నుంచి 2002 దాకా రాసినవి అందులో ఉన్నాయి. ఎనభై ఏళ్ళ రాత ఒకచోట కనపడటానికి ఒక దళిత స్త్రీ పూనుకోవాల్సొచ్చింది. మా పక్కనే నాగార్జున యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ చల్లపల్లి స్వరూపరాణి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ జూపాక సుభద్ర రాసుకుంటూ వచ్చారు. 2011లో పుట్ల హేమలత అంతర్జాలంలో 'విహంగ' పత్రిక పెట్టాక ఇంట్లోంచి కదల్లేని ఎంతోమంది ఆడవాళ్ళకి రాత్రి పదింటికి కూడా తెరిచి ఉండే ఒక చోటు దొరికింది.

పేరు

కలేకూరి ప్రసాద్ పాటలు ఇవాళ్టికీ సభల్లో మోగుతాయి. ఎన్ని సభల్లో విన్నానో, రాసిందెవరో చెప్పకుండానే పాడేస్తారు. "జానపదం" అని ప్రకటించినవాళ్ళనీ చూశాను. మనవాళ్ళు మనవాళ్ళకి చేసే అన్యాయాల్లో ఇదొకటి. పేరు పోతే పాట బతుకుతుంది గానీ పాట కట్టినవాళ్ళ కుటుంబానికి ఏమీ మిగలదు.

చట్టం సంగతి కొంచెం తెలుసుకోండి, విసుగ్గా ఉన్నా. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయకపోయినా. మీ తర్వాత అరవై ఏళ్ళు మీ వారసులది. ఆ హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. నోటి మాట చెల్లదు. ఎంతకాలానికి ఇస్తున్నారో కాగితంలో రాయకపోతే ఐదేళ్ళు అని లెక్క. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, హక్కు మీకు తిరిగొస్తుంది. 2012 సవరణ తర్వాత సినిమా పాట రాసినవాళ్ళకి, ఆ పాట థియేటర్ బయట వాడినప్పుడల్లా వచ్చే రాయల్టీలో సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు. పాడినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు వేరే ఉంది. పెళ్ళి పాటకో ఎన్నికల పాటకో యూట్యూబ్ ఛానల్ వాళ్ళు ఐదు వేలిచ్చి ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవే.

పాట రికార్డు చేసేటప్పుడు మొదట మీ పేరు, ఊరు, తేదీ మీ గొంతుతోనే చెప్పండి. ఫోను పోతే పాట పోకుండా ఇంకో రెండు చోట్ల దాచండి.

నా థీసిస్‌లోనూ ఈ పేరు గొడవే జరిగింది. పాట చెప్పినవాళ్ళని 'సమాచారదాత' అని రాయడం పద్ధతి. సమాచారదాత ఒకటి, సమాచారదాత రెండు. ఒక సమీక్ష సమావేశంలో నేను 'కవి' అని రాశానని ఒక పెద్దాయన నవ్వారు, కూలీలందరూ కవులేనా అని. మర్నాడు నా గైడ్ గారి దగ్గర కూర్చుని, అవధానంలో ఆశువుగా చెప్పిన పద్యానికి కర్త ఉన్నప్పుడు సాలులో ఆశువుగా కట్టిన పాటకి కర్త ఎందుకు ఉండదని నాలుగు పేజీలు రాసిచ్చాను. మాట నిలిచింది. ఇప్పుడు నా అనుబంధంలో ముప్పై ఒక్కమంది కవులున్నారు, వాళ్ళ అనుమతితో.

ఒళ్ళు

కలేకూరి 1964లో పుట్టారు, 2013లో పోయారు, నలభై ఎనిమిదేళ్ళకి. పాటలే కాదు, డజన్ల కొద్దీ పుస్తకాలు తెలుగులోకి అనువదించిన మనిషి. నరసరావుపేట మద్దూరి నగేష్‌బాబు కూడా 1964లోనే పుట్టారు, 2005లో పోయారు, నలభై ఏళ్ళకి. వాళ్ళ గురించి కథలు చెప్పుకునేటప్పుడు మన గొంతులో ఒక మురిపెం వస్తుంది, కాలిపోవడమే కవి లక్షణం అన్నట్టు. నాకు ఆ మురిపెం మీద కోపం. నగేష్‌బాబు యాభై ఏళ్ళకి ఏం రాసేవాడో, అరవై ఏళ్ళకి ఎట్లాంటి వాక్యం కొట్టేవాడో మనకి దక్కలేదు. అది నష్టం. మందు కవిత్వానికి ఇంధనం అని పిల్లలకి చెప్పే పెద్దవాళ్ళ పక్కనుంచి లేచి వచ్చేయండి.

నిద్ర పట్టకపోతే, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే, బతుకు మీద విరక్తి వస్తే అది మీ కవిత్వం లోతు అనుకోవద్దు. చీటీ గుంపులోనో స్నేహితులతోనో చెప్పండి. టెలి మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. నేను ఒక ఏప్రిల్ రాత్రి చేశాను. ఇక్కడ రాస్తున్నది మీలో ఒకరైనా సిగ్గుపడకుండా చేస్తారని.

మొన్న ఫిబ్రవరిలో చివరికి అమ్మ ముందు ఫోను పెట్టాను. ముందు నవ్వింది. తర్వాత జుట్టు దువ్వుకుని వచ్చింది, వీడియో కాదే అంటే కూడా. పేరు, ఊరు చెప్పమంటే ఇంటిపేరుతో సహా చెప్పింది. చేతుల మంట పాట ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మర్చిపోయిందేమో అనుకుని ఫోను ఆపబోయాను.

"ఆపమాకే అమ్మాయ్," అంది. "ఇక్కణ్ణుంచి నాది కాదు. ఇది మా వదిన కట్టింది. నా పేరుతో పెడతావేమో, పెట్టమాక."

ఆ అత్త క్రోసూరులో ఉంటుంది. ఆమె కట్టిందని ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫైలు పేరులో ఇద్దరి పేర్లూ రాశాను. ఈ ఆదివారం కోతలు లేవట, అమ్మని తీసుకుని వెళ్తున్నాను.